జెడ్పీ హైస్కూల్లో ఏ తరగతిలో ఏ అవకాశం?

మంజీర నది ఏడు పాయలుగా చీలే చోట, వనదుర్గామాత గుడికి దగ్గర్లోనే ఘనపురం ఆనకట్ట ఉంది. నిజాం కాలంలో 1905లో కట్టింది. ఫతేనహర్, మహబూబ్‌నహర్ కాలువలు ఇక్కడి నుంచే మెదక్ పల్లెల పొలాలకు నీళ్లు మోసుకెళ్తాయి. పైన సింగూరు ప్రాజెక్టు గేట్లు ఎత్తితే ఏడుపాయలలో పాయ పోటెత్తుతుంది. గుడి ముందంతా నీళ్లు నిండిపోతాయి, గర్భగుడి మూసి రాజగోపురంలో ఉత్సవ విగ్రహానికి పూజలు చేస్తారు. నాగ్సాన్‌పల్లి, పాపన్నపేట చుట్టుపక్కల పిల్లలకు ఇది చిన్నప్పటి నుంచి చూస్తున్న సంగతే.

ఈ నీళ్ల మీద ఎన్ని ఉద్యోగాలున్నాయో మాత్రం ఆ పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. కాలువ వెంట తిరిగి తూము ఎత్తి దించే లస్కర్ అందరికీ తెలుసు. ఆయన పైన అసిస్టెంట్ ఇంజినీర్ ఉంటారు. ఆ ఉద్యోగానికి సివిల్‌లో పాలిటెక్నిక్ డిప్లొమా చాలు. ఆ పై మెట్టు అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ (ఏఈఈ), దానికి బీటెక్ కావాలి. రెండు పోస్టులనూ టీజీపీఎస్సీ పరీక్ష పెట్టి భర్తీ చేస్తుంది. డిప్లొమాకు వెళ్లాలంటే పదో తరగతి తర్వాత పాలిసెట్ రాయాలి. అంటే ఊళ్లోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల నుంచి ఆనకట్ట మీది ఇంజినీరు కుర్చీ దాకా తిన్నగా దారి ఉంది. తెలియాల్సింది ఆ దారిలో ఎప్పుడు ఏం చేయాలన్నదే.

ఆ ఆనకట్ట కట్టిన రోజుల్లో ఈ దారి లేదు. నిజాం రాజ్యంలో బడులు మూడంచెలుగా ఉండేవి: తహతానియా, వస్తానియా, ఫౌఖానియా. ఫౌఖానియా అంటే మన హైస్కూలు. అది పెద్ద ఊళ్లకే పరిమితం. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలయ్యాక పైచదువులు ఉర్దూలో సాగాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు బళ్లో ఉర్దూలో లెక్కలు, చరిత్ర నేర్చుకునేవారు. సి. నారాయణరెడ్డి అలా ఉర్దూ మాధ్యమంలో చదివినవారే. తర్వాత తెలుగులో ఎంఏ చేసి, తెలుగు కవిత్వానికే జ్ఞానపీఠం అందుకున్నారు. 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఇంగ్లిష్ మీడియం దశలవారీగా వచ్చింది. ‘మా పిల్ల ఇంగ్లిష్‌లో నెగ్గుకొస్తుందా’ అని దిగులుపడే తల్లిదండ్రులు నారాయణరెడ్డి సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది. పాఠ్యపుస్తకాలు ఎలాగూ ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లిష్‌లో ఇస్తున్నారు. ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టుకుని చదివే అలవాటు ఆరో తరగతిలోనే చేయించండి.

పల్లెకు హైస్కూలు రావడంలో 1959 పెద్ద మలుపు. ఆ ఏడాది వచ్చిన పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్‌ల చట్టంతో ఉన్నత పాఠశాలల బాధ్యత జిల్లా పరిషత్‌లకు వచ్చింది. బడి బోర్డు మీద ‘జి.ప.’ అన్న అక్షరాలు అప్పటి నుంచి ఉన్నవే. పదేళ్ల తర్వాత మరో మార్పు జరిగింది. 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ మొదలైంది, 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. దాంతో పదో తరగతితోనే హైస్కూలు ముగిసిపోయింది. పదిహేనేళ్లకే పిల్లలు ఊరు దాటాల్సి వచ్చింది, ఏ గ్రూపు, ఏ కోర్సు అన్నది ఆ వయసులోనే తేల్చుకోవాల్సి వచ్చింది. పల్లె పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చదువు రాక కాదు, ముందుగా ఎవరూ చెప్పక.

అదే 1971లో, పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా, ఉమ్మడి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల తెరుచుకుంది. మాజీ డీజీపీ మహేందర్‌రెడ్డి వంటివారు అక్కడ చదివినవారే. తర్వాత దేశమంతటా వచ్చిన నవోదయ విద్యాలయాలకూ, సాంఘిక సంక్షేమ గురుకులాలకూ ఆ ఆలోచనే పునాది. 2014 మేలో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులం పిల్ల. ఉమ్మడి మెదక్ జిల్లాకు నవోదయ వర్గల్‌లో ఉంది. నాలుగో తరగతి చదువుతూ గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్ష, ఐదులో ఉండగా నవోదయ పరీక్ష రాయాలి. నవోదయ ప్రశ్నపత్రంలో 80 ప్రశ్నలకు 100 మార్కులు. అందులో సగం మార్కులు మెంటల్ ఎబిలిటీవే. బొమ్మల్లో తేడా పట్టుకునే ప్రశ్నలు అవి. సీట్లలో మూడొంతులు పల్లె పిల్లలకే.

గురుకులంలో సీటు వస్తే సంతోషమే. రాకపోతే జరిగే పొరపాటు గురించే ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పాలనుకుంటున్నాను. ‘ఇక ఊరి బళ్లో ఏముంది’ అనుకుని, ఎనిమిదికో తొమ్మిదికో పిల్లల్ని టౌన్‌లోని ప్రైవేటు స్కూల్లో వేస్తారు. ఫీజుకు, బస్సుకు అప్పు చేస్తారు. ఊళ్లోంచి రోజూ వెళ్లి చదువుకునే సర్కారు బడి పిల్లలకు దక్కే రెండు హక్కులు అక్కడితో పోతాయి. ఆ సంగతి చాలా ఇళ్లలో తెలియను కూడా తెలియదు.

మొదటిది నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ (ఎన్ఎంఎంఎస్). ఎనిమిదో తరగతిలో రాసే పరీక్ష. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలే అర్హులు. నవోదయ, కేంద్రీయ విద్యాలయం, వసతితో కూడిన గురుకులాల పిల్లలకు ఇది లేదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు. తల్లిదండ్రుల వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. మెంటల్ ఎబిలిటీలో 90 ప్రశ్నలు, ఏడు, ఎనిమిది తరగతుల సబ్జెక్టుల నుంచి 90 ప్రశ్నలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, అంటే నాలుగేళ్లకు 48,000, నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడతాయి. మధ్యలో ప్రైవేటు బడికి మారితే ఆగిపోతాయి. పదో తరగతిలో మార్కులు 60 శాతం కంటే తగ్గకూడదు. ఏటా రెన్యువల్ చేయించుకోవడం మరచిపోయి డబ్బు పోగొట్టుకునే పిల్లలూ ఉన్నారు. ఎంపికైన పిల్లల పేర్లు, రెన్యువల్ గడువు తేదీ స్టాఫ్‌రూమ్ గోడ మీద రాసిపెట్టమని హెడ్మాస్టరు గారిని అడగండి. ఇబ్బందిపడాల్సిన పని లేదు. అది అడగాల్సిన మాటే.

రెండోది బాసర ట్రిపుల్ ఐటీ. 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమే ఇది. పదో తరగతి కాగానే చేరి ఆరేళ్లు చదివితే, మొదటి రెండేళ్లు ఇంటర్‌తో సమానం, తర్వాతి నాలుగేళ్లు బీటెక్. ఎంట్రెన్స్ లేదు, పదో తరగతి ఫలితమే ప్రాతిపదిక. మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి. హాస్టల్ వసతి లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల్లో చదివినవారికి అదనంగా స్కోరు కలుపుతారు. గ్రేడ్ల పద్ధతి ఉన్నప్పుడు అది 0.4 పాయింట్లు. సీటుకు పోటీ దశాంశాల్లో తేలే చోట 0.4 అంటే ఎంతో ఆలోచించండి. ఊరి బడి పిల్లలు సౌకర్యాలు లేకుండా చదివారన్న గుర్తింపుతో ఇచ్చిన న్యాయమైన వాటా అది. దాన్ని చేజేతులా వదులుకోవద్దు.

ఇక పదో తరగతి పరీక్షలు. 2022-23 నుంచి 11 పేపర్ల స్థానంలో ఆరే పేపర్లు. సైన్స్‌లో భౌతికశాస్త్రం, జీవశాస్త్రం వేర్వేరు రోజుల్లో రాయాలి. అంతకంటే ముందు, పరీక్షకు కొన్ని నెలల ముందే, బళ్లో నామినల్ రోల్స్ నింపుతారు. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, రెండు పుట్టుమచ్చలు. ఆ కాగితం మీదున్నదే మెమోలోకి వస్తుంది, మెమోలో ఉన్నదే జీవితాంతం పుట్టిన తేదీకి రుజువు అవుతుంది. ఆధార్‌లో ‘సాయికుమార్’ అనీ, అడ్మిషన్ రిజిస్టర్‌లో ‘సాయి కుమార్ జి.’ అనీ ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. మెమో చేతికొచ్చాక దిద్దించుకోవాలంటే హెడ్మాస్టరు నుంచి డీఈవో ఆఫీసుకు, అక్కడి నుంచి హైదరాబాద్‌లోని పరీక్షల విభాగానికి ఫైలు తిరగాలి.

పది తర్వాత ఎంపీసీ తీసుకుంటేనే చదివినట్టు అన్న భ్రమ పల్లెల్లో గట్టిగా ఉంది. లెక్కలంటే ఇష్టం ఉంటే తీసుకోండి. లేదంటే వేరే దారులు చాలానే ఉన్నాయి. ప్రభుత్వ వసతి జూనియర్ కాలేజీల్లో ఇంటర్ చదవాలనుకుంటే ఆర్జేసీ సెట్ రాయాలి. ఒకేషనల్ ఇంటర్‌లో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, అకౌంటింగ్, పంటల ఉత్పత్తి వంటి కోర్సులున్నాయి. వాటితో పాటు బ్రిడ్జి కోర్సు పాసైతే పైచదువుల దారి మూసుకుపోదు.

పాలిటెక్నిక్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే మూడేళ్లలో చేతికి పని, ఆ తర్వాత కావాలంటే డిగ్రీ కూడా ఇచ్చే చదువు అది. పాలిసెట్‌లో లెక్కలకు 60 మార్కులు, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరో 30. వ్యవసాయ డిప్లొమా కోరేవారికి జీవశాస్త్రం కూడా ఉంటుంది. ప్రశ్నలన్నీ పదో తరగతి పాఠాల నుంచే, అంటే పబ్లిక్ పరీక్షకు చదివిందే ఇక్కడా పనికొస్తుంది. ప్రత్యేక కోచింగ్‌కు వేలు పోయాల్సిన పని లేదు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఆడపిల్లలకు మెదక్‌లోనే ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్ ఉంది. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్ల వ్యవసాయ డిప్లొమాకూ పాలిసెట్ ర్యాంకే ఆధారం. పల్లె బళ్లో కనీసం నాలుగేళ్లు చదివినవారికి అందులో ప్రాధాన్యం ఉంటుంది. ఘనపురం కాలువ కింద వరి పండించే ఇళ్ల పిల్లలకు ఇంతకంటే దగ్గరి చదువు మరొకటి లేదు.

పని తొందరగా కావాల్సిన ఇళ్లకు ఐటీఐ మంచిది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ ట్రేడులకు ఈ చుట్టుపక్కలే పెద్ద పరిశ్రమలున్నాయి. ఎద్దుమైలారంలో పదాతిదళ యుద్ధవాహనాలు తయారుచేసే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, భానూరులో భారత్ డైనమిక్స్, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్. అప్రెంటిస్ నోటిఫికేషన్లను గమనిస్తూ ఉండండి. రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. రోబోటిక్స్, సీఎన్‌సీ యంత్రాల కోర్సులు అందులో భాగం. ఒకే ఐటీఐలో పాత ట్రేడూ, కొత్త కోర్సూ రెండూ ఉంటే, చేరే ముందు వర్క్‌షాపు చూసి రండి. యంత్రాలు నడుస్తున్నాయా, నేర్పే ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారా అన్నది కళ్లతో చూడాల్సిన విషయం.

పది పాసై ఉద్యోగం వెతుక్కుంటున్నవారికి నాలుగు మాటలు. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఎంపికకు పరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులే మెరిట్. పదిలో ఇంగ్లిష్, లెక్కలు పాసై ఉండాలి, తెలుగు చదివి ఉండాలి. 18 నుంచి 40 ఏళ్ల వరకు దరఖాస్తు చేయొచ్చు. అందుకే పదిలో ‘పాసైతే చాలు’ అనుకోవద్దు. ఆ మార్కులు ఇరవై ఏళ్ల తర్వాత కూడా పనికొస్తాయి. కేంద్ర బలగాల కానిస్టేబుల్, మల్టీ టాస్కింగ్ స్టాఫ్ (ఎంటీఎస్) పరీక్షలకూ పదో తరగతే అర్హత, రెంటినీ ఇప్పుడు తెలుగులో రాయొచ్చు. రైల్వే లెవెల్-1 పోస్టులూ ఈ కోవలోవే.

రాష్ట్ర ఉద్యోగాలకు వస్తే, 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత 95 శాతం పోస్టులు స్థానికులకే. ఎవరు స్థానికులన్నది ఒకటి నుంచి ఏడు తరగతులు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆ ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు లోకల్. జోనల్ పోస్టులకైతే మెదక్ జిల్లా రాజన్న జోన్‌లో ఉంది. కాబట్టి ప్రైమరీ బడి, హైస్కూలు రెండింటి నుంచీ బోనఫైడ్ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. నోటిఫికేషన్ పడ్డాక తిరిగితే అప్పటికి బడి విలీనమై ఉండొచ్చు, రిజిస్టర్ మండల విద్యాధికారి ఆఫీసులో ఏ బీరువాలోనో ఉండొచ్చు. ఒకవేళ ప్రైమరీలో రెండు, మూడు ఊళ్లు మారి చదివి ఉంటే ఒక్కో ఊరికీ వెళ్లి ఒక్కో సర్టిఫికెట్ తెచ్చుకోక తప్పదు.

పది మధ్యలో మానేసి ఏడుపాయల జాతరలో కొబ్బరికాయల దుకాణం పెట్టుకున్నవారికీ, పెళ్లై చదువు ఆగిపోయిన ఆడపిల్లలకూ తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి, అది పాసైతే ఇంటర్‌కు రిజిస్టర్ కావొచ్చు. స్టడీ సెంటర్లు చాలా వరకు ప్రభుత్వ బళ్లలోనే నడుస్తాయి, పాఠాలు సెలవు రోజుల్లో చెబుతారు. ఈ సర్టిఫికెట్‌తో డాక్ సేవక్‌కు, ఎంటీఎస్‌కు దరఖాస్తు చేయొచ్చు. ఐటీఐలో చేరొచ్చు. అడ్మిషన్ల ప్రకటన ఎప్పుడు వస్తుందో మీ మండల కేంద్రంలోని జెడ్పీ హైస్కూల్లో అడిగితే చెబుతారు. మీరు చదివిన బడే అయితే మీ టీసీ, పాత రికార్డు కూడా అక్కడే దొరుకుతాయి.