బేర్ సరాయ్ గదుల్లో భోజనం: పోషకాలు, వ్యాధి ముప్పు

దక్షిణ దిల్లీలో జేఎన్‌యూ, ఐఐటీలకు దగ్గర్లో ఉన్న బేర్ సరాయ్ అద్దె గదుల్లో పోటీ పరీక్షలకు చదివే అభ్యర్థులకు ఆహారం ఒక సిలబస్ అంశం మాత్రమే కాదు, రోజూ ఎదురయ్యే సమస్య కూడా. ఉదయం టిఫిన్ మానేసి టీ, మధ్యాహ్నం ఛోలే భటూరే, రాత్రి నూడుల్స్‌తో గడిపితే కడుపు నిండుతుంది కానీ పోషకాలు అందవు.

గుర్తుంచుకోవాల్సినవి

- జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్): 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించారు. 1958లో హైదరాబాద్‌కు మారింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరిధిలో పనిచేస్తుంది.
- ఎన్‌ఐఎన్ 2024 ఆహార మార్గదర్శకాలు: మొత్తం 17. దేశ వ్యాధి భారంలో 56.4 శాతానికి అనారోగ్యకర ఆహారమే కారణమని అంచనా.
- రోజుకు 2,000 కిలో క్యాలరీల పళ్లెం: ధాన్యాలు 250 గ్రా., కూరగాయలు 400 గ్రా., పప్పులు 85 గ్రా., పండ్లు 100 గ్రా., పాలు 300 మి.లీ. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదు.
- ఉప్పు: రోజుకు 5 గ్రాముల లోపు. ఎక్కువైతే రక్తపోటు ముప్పు.
- ఇనుము: భోజనంతో టీ తాగితే శోషణ తగ్గుతుంది; నిమ్మ, ఉసిరిలోని విటమిన్ సి దాన్ని పెంచుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది.

మాదిరి ప్రశ్న: ఆహారంలోని ఇనుము శోషణను పెంచేది ఏది?
ఎ) టానిన్లు బి) ఫైటేట్లు సి) విటమిన్ సి డి) కాల్షియం
జవాబు: సి

గదిలో వండుకునేవారు పప్పు, ఆకుకూర, గుడ్డు లేదా పెరుగు రోజూ తప్పనిసరి చేసుకోండి. పరీక్ష దాకా ఆరోగ్యంగా ఉండటమూ సన్నద్ధతలో భాగమే.