అపొస్తలుల పరంపరయు సంస్కారముల చెల్లుబాటును

మన రాయచూరు సీమలోని తెలుగు కుటుంబములలో క్రైస్తవులు పలు శాఖలవారు కలరు. అమెరికా మెథడిస్టు మిషను పెంచిన సంఘములు కొన్ని. బళ్లారి మేత్రాసనమునకు చేరిన కతోలిక విచారణలు కొన్ని. చంద్రబండవంటి సరిహద్దు గ్రామములవారికి వివాహసంబంధములు గద్వాల వైపునను, కర్నూలు వైపునను కుదురుచుండును. అచ్చట మెన్నొనైట్ బ్రదరెన్, బాప్తిస్టు, దక్షిణ ఇండియా సంఘములు కలవు. “శైశవమున పొందిన బాప్తిస్మము చెల్లదు, మరల మునుగవలె”నని అత్తవారి సంఘము కోరును. “అట్లయిన మా పిల్ల యింతకాలము క్రైస్తవురాలు కాదా?” యని పుట్టినింటివారు నొచ్చుకొందురు. ఈ వివాదమునకు మూలమేమో తలిదండ్రులెల్లరును, ఏ మతమువారైనను, తెలిసికొనుట మేలని తలచి యీ పాఠమును వ్రాయుచున్నాము.

చెల్లుబాటు అననేమి?

బడిలో మేమిచ్చు బదిలీ పత్రమును చూడుడు. దానిపై సంతకము చేసిన ప్రధానోపాధ్యాయుడు కోపిష్ఠియైనను, సోమరియైనను పత్రము చెల్లును. కాని అధికారము లేనివాడు ఎంత సజ్జనుడైనను, అతని సంతకము చెల్లదు. సంస్కారముల విషయమునను ఇట్టి ప్రశ్నలే రెండు పుట్టినవి. ఇచ్చువాని గుణమునుబట్టి సంస్కారము చెల్లునా? ఇచ్చువానికి అధికారము ఎక్కడనుండి వచ్చినది?

మొదటి ప్రశ్నకు ఉత్తరాఫ్రికాలో సమాధానము దొరకినది. మూడవ శతాబ్దమున కార్తేజి బిషప్పగు సిప్రియను, సంఘమునుండి చీలినవారిచ్చిన బాప్తిస్మము చెల్లదనెను. రోము బిషప్పగు స్తెఫను చెల్లుననెను. తరువాత నూటయేబది యేండ్లకు అగస్టీను, డొనాటిస్టులతో వాదించుచు, సంస్కారము క్రీస్తుదే కాని ఇచ్చువానిది కాదని స్థాపించెను. అందుచేతనే నీటితో తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున ఇచ్చిన బాప్తిస్మమును కతోలికులును, పెక్కు ప్రొటెస్టంటు శాఖలవారును పరస్పరము అంగీకరింతురు. ఆపత్కాలమున సామాన్యుడిచ్చినను కతోలికులకు అది చెల్లును. బాప్తిస్టులు, మెన్నొనైటులు మాత్రము వేరొక కారణమున అభ్యంతరము చెప్పుదురు. ఇచ్చువాని అధికారము వారి ప్రశ్న కాదు; పుచ్చుకొనువాని స్వంత విశ్వాసమే వారికి ముఖ్యము. ఈ భేదమును గుర్తింపనిచో రెండు వాదములును కలగాపులగమగును.

పరంపర

రెండవ ప్రశ్నయే అపొస్తలుల పరంపర. క్రీస్తు అపొస్తలులను పంపెను. వారు తమ తరువాతివారిపై చేతులుంచి ప్రార్థించి నియమించిరి. ఆ హస్తనిక్షేపణము బిషప్పునుండి బిషప్పునకు నేటివరకు తెగకుండ వచ్చినదని ఈ సిద్ధాంతము. దీపమునుండి దీపము వెలిగించుట వంటిది. సుమారు 180లో ఇరేనియసు రోము బిషప్పుల వరుసను పేర్కొని, సత్యబోధకు అదియే సాక్ష్యమనెను. కతోలిక, ఆర్థడాక్సు సంఘముల మతమున ఈ పరంపర లేని గురువు జరుపు ప్రభుభోజనము పూర్ణమైన సంస్కారము కాదు. ఆంగ్లికనులు తమకును పరంపర కలదందురు. కాని 1896లో పదమూడవ లియో పోపు వారి అభిషేకములు చెల్లవని ప్రకటించెను.

మెథడిస్టుల చరిత్ర వేరు. అమెరికాలో సంస్కారములిచ్చు గురువులు చాలనందున, తాను బిషప్పు కాకున్నను జాన్ వెస్లీ 1784లో థామస్ కోక్‌పై చేతులుంచి పంపెను. మన ప్రాంతపు మెథడిస్టు బిషప్పుల వరుస అటనుండి వచ్చినదే. పరంపర యనగా అపొస్తలుల బోధను నిలుపుటయేకాని చేతుల గొలుసు కాదని పెక్కుమంది ప్రొటెస్టంటుల సమాధానము.

దక్షిణ దేశమున జరిగిన పరీక్ష

ఈ చిక్కును కాగితముపై గాక, ఆచరణలో విప్పజూచినది మన దక్షిణ దేశమే. 1912లో ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందిన దోర్నకల్లు అజరయ్యగారు 1919లో తరంగంబాడి సభలో ఐక్యతకై పిలుపునిచ్చినవారిలో ముఖ్యులు. ఆయన 1945 జనవరి 1న మరణించిరి, ఐక్యతను చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రలులో ఆంగ్లికను, మెథడిస్టు, దక్షిణ ఇండియా ఐక్య సంఘములు ఏకమయ్యెను. ఇకమీద అభిషేకములన్నియు బిషప్పులే చేయవలెను. అంతకుముందు బిషప్పు లేకయే నియమింపబడిన గురువులను మరల అభిషేకింపక యథాతథముగా స్వీకరింపవలెను. ఇదియే ఒడంబడిక. మెదకులోని వెస్లియను గురువులిట్లే స్వీకరింపబడిరి. నచ్చని గురువును ఏ సంఘముపైనను బలవంతముగా రుద్దరాదనియు మాట యిచ్చిరి.

అయినను నంద్యాల సీమలో ఎస్.పి.జి. మిషను పెంచిన ఆంగ్లికనులు పలువురు దీనికి సమ్మతింపలేదు. బిషప్పు చేతులు పొందని గురువు చేతినుండి ప్రభుభోజనము తీసికొనుటకు వారి మనస్సాక్షి అంగీకరింపలేదు. వారు కలకత్తా మెట్రోపాలిటను అధికారము క్రిందనే యుండిరి. 1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్షమండలమాయెను. 1970వ దశకమునగాని వారు దక్షిణ ఇండియా సంఘమున చేరలేదు. ఒకే సీమలో, ఒకే భాష మాటలాడువారి మధ్య నిలిచిన ఈ ఎడబాటును చిన్న విషయమనరాదు, మొండితనమనియు అనరాదు. ఇంగ్లండు సంఘము సైతము 1955లోగాని, అదియును 1947 తరువాతి అభిషేకములను మాత్రమే, గుర్తింపలేదు.

ఉత్తర భారతమున వేరొక దారి త్రొక్కిరి. 1970లో నాగపూరున ఏకమైనపుడు అన్ని శాఖల గురువులును పరస్పరము చేతులుంచి ప్రార్థించిరి. ఎవరి లోపము ఎవరు తీర్చిరో దేవునికే విడిచిరి.

తలిదండ్రులకు

కావున పెండ్లి మాటలు నడుచునపుడే బాప్తిస్మపు విషయమును ఇరువైపుల పెద్దలును గురువులతో కూర్చుండి తేల్చుకొనవలెను, పెండ్లినాటివరకు దాచరాదు. ఒక సంఘము అంగీకరింపనంత మాత్రమున ఒకని విశ్వాసమును బూటకమని నిందింపరాదు. పొరుగు రాష్ట్రపు కచేరి మన పత్రమునకు సమానతా ధ్రువీకరణ కోరినచో, పిల్లవాడు చదువుకొనలేదని దాని భావము కాదుగదా! చెల్లుబాటును నిర్ణయించుట సంఘముల పని. ఇంటికి వచ్చిన కోడలి మనస్సు నొప్పింపక, ఆమె పుట్టినింటి ప్రార్థనను గౌరవించుట మాత్రము మనందరి పని.