గుర్రం తిరగాలంటే ఎంత జాగ కావాలె?

అక్కలారా, కల్లం మనందరికీ ఎరుకే. మిషన్లు రాకముందు కల్లం నడుమ గుంజ పాతేవారు. ఎడ్లను వరుసగా కట్టి వడ్ల మీద తిప్పేవారు. గుంజ పక్కన ముసలి ఎద్దును కట్టేవారు. అంచుకు వయసు ఎద్దును కట్టేవారు. ఎందుకు? అంచున ఉన్న ఎద్దు ఎక్కువ దూరం నడవాలి. లోపలి ఎద్దు తక్కువ నడుస్తది, కాని బాగా వంగి తిరగాలి.

ఈ పాఠం గుర్రం గురించి. అయినా లెక్క మాత్రం కల్లం లెక్కే.

మా సెంటర్‌కు వచ్చే ఒక అక్క ఇంట్లో పెళ్లి బరాత్‌లకు తోలే గుర్రాలున్నాయి. ఆ గుర్రాల మీదనే వాళ్ల ఇల్లు నడుస్తది. పోయిన ఏడు సంఘంలో అప్పు తీసుకొని ఒక గుర్రప్పిల్లను కొన్నారు. దానికి నడక నేర్పాలని ఇంటి ముందర వాకిట్లో తాడు పట్టి గుండ్రంగా ఉరికించారు. రోజూ పొద్దున, సాయంత్రం అదే పని. నెల తిరగకముందే పిల్ల ముందరి కాలు కుంటింది.

పశువుల డాక్టర్ వచ్చి చూశాడు. "జబ్బేం లేదమ్మా. తిప్పే జాగ చిన్నగుంది. కాలు మీద బరువు పడుతుంది" అన్నాడు.

ఆ అక్క క్లాసుకు వచ్చి నన్ను అడిగింది: "మరి ఎంత జాగ అయితే సరిపోతది బిడ్డా?" నాకు అప్పుడు తెల్వదు. తెలుసుకొని చెప్తానన్నాను. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ వాకిలిని కొలుద్దాం. అది ఒక గుంట. పొడవు 33 అడుగులు, వెడల్పు 33 అడుగులు. 33ను 33తో హెచ్చిస్తే 1,089 చదరపు అడుగులు. అదే గుంట. ఇటువంటి 40 గుంటలు కలిస్తే ఎకరం.

ఆ వాకిట్లో ఎంత పెద్ద చుట్టు గీసినా అడ్డం 33 అడుగులు దాటదు. చుట్టు పొడవు కావాలంటే అడ్డాన్ని 22తో హెచ్చించి 7తో భాగించాలి. 104 అడుగులకు కొంచెం తక్కువ వస్తుంది. అడ్డం 50 అడుగులైతే చుట్టు పొడవు 157 అడుగులు. గుర్రం మూతి నుంచి తోక దాకా దాదాపు 8 అడుగులుంటది. అంత పొడుగు జీవి చిన్న చుట్టులో ఉరికితే ఒళ్లంతా వంచాలి. లోపలి దిక్కు కాళ్ల మీద బరువు పడుతుంది. వయసు పిల్లకు ఎముకలు, కీళ్లు ఇంకా గట్టిపడవు. అందుకే గుర్రాలకు నేర్పేవాళ్లు గుండ్రటి జాగను 50 నుంచి 60 అడుగుల అడ్డంతో చేసుకుంటారు.

"మరి సర్కస్‌ల రింగు చిన్నగనే ఉంటది కదా?" అని ఇంకో అక్క అడిగింది. మంచి ప్రశ్న. సర్కస్ రింగు అడ్డం 42 అడుగులు. లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అనే ఆయన 1768లో గుర్రం ఆటలు మొదలుపెట్టాడు. ఆయన అంతకుముందు గుర్రపు దళంలో సిపాయి. గుర్రం గుండ్రంగా ఉరుకుతుంటే మనిషి దాని వీపు మీద నిలబడగలడు. కొంచెం లోపలికి వాలితే చాలు, పడిపోడు. ఆ ఆటకు తర్వాత తర్వాత 42 అడుగుల కొలత స్థిరపడింది. కాని అది అన్నీ నేర్చిన గుర్రం. ఒక్క తీరుగా ఉరుకుతుంది. నేర్వని పిల్లకు ఆ కొలత పెట్టొద్దు.

మనుషులు స్వారీ నేర్వాలంటే గుండ్రటి జాగ చాలదు. హైదరాబాద్ శివరాంపల్లిలో జాతీయ పోలీసు అకాడమీ ఉంది. అక్కడ ఐపీఎస్ ఆఫీసర్లకు గుర్రపు స్వారీ కూడా నేర్పుతారు. ఆడ ఆఫీసర్లు కూడా నేర్చుకుంటారు. గుర్రాన్ని మలపాలి, నిలపాలి, నేరుగా ఉరికించాలి. నేరుగా ఉరకాలంటే పొడుగు జాగ కావాలె. గుర్రం నడక పోటీలకు రెండు కొలతలున్నాయి. చిన్నది 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు. అడుగుల్లో 66, 131. మన లెక్కలో దాదాపు 8 గుంటలు. పెద్దది కూడా 20 మీటర్ల వెడల్పే, పొడవు 60 మీటర్లు. అది దాదాపు 12 గుంటలు. గుర్రాన్ని కట్టెల మీంచి దుమికించాలంటే ఆరుబయట ఎకరం దాకా కావాలె.

పెద్దగుంటే మంచిదే కదా అంటారేమో. ఇసుక లెక్క చూడండి. మన రేగడి నేల వానకు జారుతుంది, ఎండకు రాయి అవుతుంది. ఇసుక పోయక తప్పదు. 4 అంగుళాల మందం పోస్తామనుకుందాం. ట్రాక్టర్ ట్రిప్పుకు 100 ఘనపు అడుగులు అనుకుందాం. 8 గుంటలకు 29 ట్రిప్పులు పడతాయి. 12 గుంటలకు 43. ట్రిప్పు ధర ఎంతో మీకే తెలుసు.

మన అక్కకు ఇవన్నీ అక్కర్లేదు. 50 అడుగుల చుట్టు చాలు. దానికి 7 ట్రిప్పుల లోపే ఇసుక. జాగ రెండున్నర గుంటలుంటే సరిపోతుంది. ఆమె తమ్మునికి ఊరి బయట పడావు భూమి ఉంది. ఇంటాయన మొదట ఒప్పుకోలేదు. "వాకిలి ఉండంగ అంత దూరం ఎందుకు?" అన్నాడు. ఆమె పలక మీద 104, 157 రాసి చూపింది. డాక్టర్‌కు, మందులకు ఇచ్చిన పైసలు కింద రాసింది. ఆయన ఇగ మాట్లాడలేదు.

చుట్టు గీసుడు మాకు ముగ్గు పెట్టినంత సులువైంది. నడుమ మేకు కొట్టాము. 25 అడుగుల తాడు కట్టాము. తాడు బిగబట్టి ఒకరు తిరుగుతుంటే వెనకనుంచి ఇంకొకరు సున్నం పోశారు. చుట్టూ వెదురు కట్టెలు కట్టారు. ముళ్ల తీగ కట్టొద్దని నేనే చెప్పాను. గుర్రం బెదిరితే చీరుకుంటది.

పిల్ల ఇప్పుడు ఆ ఇసుకలో మెల్లగా నడుస్తోంది. కుంటు ఇంకా పూర్తిగా పోలేదు. డాక్టర్ చెప్పేదాకా ఉరికించమని అక్క అంటోంది. మాఘమాసం పెళ్లిళ్లకు అందుతదో లేదో చూడాలి.

చేసి చూడండి:
మీ ఇంటి ముందర జాగ పొడవు, వెడల్పు తాడుతో కొలవండి. ఎన్ని చదరపు అడుగులు? గుంటకు ఎక్కువా, తక్కువా?
అడ్డం 60 అడుగులైతే చుట్టు పొడవు ఎంత? అక్క గీసిన చుట్టు కన్నా ఎన్ని అడుగులు ఎక్కువ?
మీ బర్రె కొట్టంలో బర్రె ఇబ్బంది లేకుండా వెనక్కి మళ్లగలుగుతుందా? చూసి రాయండి.