కుక్కతో సముద్రతీరమునకు

సాలూరు కొండల యొడిలోని ఊరు. పడమట తూర్పుకనుమలు, ప్రక్కన వేగావతీనది, ఊరి మీదుగా రాయపూరు పోవు పెద్దబాట. లారీలకు పేరుపొందిన ఈ పట్టణమున రాత్రింబవళ్లు బండ్ల చప్పుడు వినవచ్చును గాని అలల చప్పుడు వినరాదు. సముద్రమును చూడవలెనన్న సుమారు 90 కిలోమీటర్లు పోవలెను. అందుచేత సాలూరి బాలబాలికలకు సముద్రయాత్ర యొక పండుగవంటిది. ఇంటి కుక్క కూడ బండి యెక్కునన్నచో ఆ పండుగ రెట్టింపగును. కాని కుక్కను తీరమునకు తీసికొనిపోవుట, అన్నపుమూట కట్టుకొని పోవునంత సులభము కాదు. ఏ తీరమునకు పోవలెను? ఎప్పుడు పోవలెను? అక్కడి యిసుక ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకు ఇంటివద్దనే సమాధానము వెదకుకొనవలెను.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. కరీబియను ప్రాంతపు దీవులకు ఏటేట లక్షలాది యాత్రికులు పోవుచుందురు. పెంపుడు కుక్కను విడిచి యుండలేనివారు వారిలోను కలరు. తీరము శుభ్రముగా నుండునా, కుక్కను రానిత్తురా అని వారు ముందుగానే విచారింతురు. రెండింటికిని ఔనను జవాబు ఒకే చోట దొరకుట అరుదు. ఆ ప్రాంతమునకు చేరిన బహామా దీవులలోను, టర్క్స్ కైకోస్ దీవులలోను ఒక నాటుకుక్క కలదు. దానిని 'పాట్‌కేక్' అందురు. అన్నమును పప్పుగింజలను కలిపి వండిన కుండలో అడుగంటిన మాడును అచ్చటివారు కుక్కలకు వేసెడివారు. ఆ మాడుచెక్క పేరే కుక్కకు వచ్చినది. మన అవ్వలు అన్నపుకుండ గోకి వీధికుక్కను పిలుచుట చూచినవారికి ఈ పేరు వింతగా తోచదు. టర్క్స్ కైకోస్ దీవులలో దిక్కులేని ఆ కుక్కపిల్లలను సాకెడు ఆశ్రయ మొకటి యున్నది. యాత్రికులు అచ్చటికి పోయి, ఒక పిల్లను అడిగి తీసికొని, తీరమున కొంతసేపు త్రిప్పి మరల అప్పగింతురు. మనుష్యులకు మచ్చికయైన పిల్లను ఎవరైన పెంచుకొందురని ఆశ్రయమువారి యాశ.

అయినను లోకమందలి అనేక తీరములలో కుక్కల రాకకు కట్టుబాట్లు గలవు. అది కుక్కలపై ద్వేషముచేత వచ్చినది కాదు. కుక్క ప్రేగులలో కొంకిపురుగు లుండవచ్చును. వాని గ్రుడ్లు మలముతో ఇసుకలో పడును. వెచ్చదనము, తేమ, నీడ దొరకెనా, ఆ గ్రుడ్లు చిట్లి కంటికి కనబడని పురుగుపిల్లలు బయలుదేరును. చెప్పులు లేని పాదము తగిలినచో అవి చర్మములో దూరును. మనుష్యుని దేహము వానికి సహజమైన నెలవు కాదు గనుక లోనికి పోజాలక చర్మము క్రిందనే తిరుగాడును. అవి నడచినచోట ఎర్రని వంకరగీత లేచి, నిద్ర పట్టనీయని దురద పుట్టును. దినమునకు రెండుమారులు అలలు కడుగు తడియిసుకలో ఈ భయము తక్కువ; అలలందని మెత్తని ఇసుకలో, చెట్లనీడలలో ఎక్కువ. మనము చాపపరచి కూర్చుండునదియు, చిన్నపిల్లలు గూళ్లు కట్టునదియు సరిగా అచ్చటనే గదా! కావున శుభ్రమైన తీరము కావలెనని కోరువాడు ముందుగా తన కుక్కకు నులిపురుగుల మందు వేయింపవలెను. అది ఇసుకపై మలవిసర్జనము చేసినచో సంచితో ఎత్తి తీసివేయవలెను. ఇది మోటుపని యని సిగ్గుపడువాడు కుక్కను ఇంటివద్ద ఉంచుటయే మేలు.

శుభ్రతకును కుక్కలకును గల ఈ తగవు మన తీరమునను కనబడినది. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణము పోవు దారిలో ఋషికొండ యున్నది. 2020లో మన దేశమున ఎనిమిది తీరములకు 'బ్లూ ఫ్లాగ్', అనగా నీలిపతాకము, లభించినది. ఆంధ్రప్రదేశమునుండి ఆ యెనిమిదింటిలో చేరినది ఋషికొండ యొక్కటే. ఈ పతాకపు ఆచారము 1985లో ఫ్రాన్సు దేశమున పుట్టినది. ఇప్పుడు డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగెనులో కార్యాలయము గల ఒక అంతర్జాతీయ సంస్థ దీనిని ఇచ్చుచున్నది. దానిని పొందుటకు 33 నియమములు పాటింపవలెను. నీటిని పలుమారులు పరీక్షింపవలెను. మలినమును సూచించు ఎశ్చరీషియా కోలి యను సూక్ష్మజీవులు నూరు మిల్లీలీటర్ల నీటిలో 250కి మించరాదు. స్నానము చేయువారిని కనిపెట్టియుండు రక్షకులుండవలెను. మరుగుదొడ్లు శుభ్రముగా నుండవలెను. ఆ నియమములలోనే కుక్కల రాకపోకలను గట్టిగా అదుపుచేయవలెననియు ఉన్నది. అంధులకు దారిచూపు కుక్కలకు మాత్రము మినహాయింపు కలదు.

2025 మొదటి నెలలలో ఋషికొండ తీరమున చెత్త పేరుకొనుచున్నదనియు, వీధికుక్కలు తిరుగుచున్నవనియు ఫిర్యాదులు పోయినవి. పతాకమును కొంతకాలము దింపవలసివచ్చినది. అధికారులు తీరమును చక్కబరచిన మీదట ఆ సంవత్సరముననే గుర్తింపు మరల లభించినది. ఇందు కుక్కల దోష మెంత? తినగా మిగిలినదానిని ఇసుకపై పారవేసినవారు మనుష్యులు. ఆ వాసనకు వచ్చినవి కుక్కలు. దోషము విచారించుటకు కూర్చున్నచో మొదట పిలువవలసినది కుక్కలను కాదని నా యభిప్రాయము. సాలూరువారును ఈ విచారణనుండి తప్పించుకొనజాలరు. వేగావతిలో మనము విడిచిన ప్లాస్టిక్ సంచి వరదనీటితో నాగావళిని చేరి, శ్రీకాకుళము దాటి సముద్రమున పడును. మనకంటె ముందుగా మన చెత్త సముద్రయాత్ర చేయుచున్నది.

ఇక ఇసుక ఎవరిదన్న ప్రశ్న. ఉత్తరాంధ్ర తీరమునకు ఏటేట చలికాలపు చివర ఆలివ్ రిడ్లే యను సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. ఒరిస్సాలోని ఋషికుల్యా ముఖద్వారమున అవి వేలకొలది ఒక్కమారుగా ఒడ్డెక్కును. మన శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము తీరములకు ఒంటరిగా వచ్చును. రాత్రివేళ తల్లితాబేలు అలలందని చోటికి ప్రాకి, వెనుక కాళ్లతో సుమారు మూరెడు లోతున గొయ్యి త్రవ్వి, నూరు, నూటయిరువది గ్రుడ్లు పెట్టి, ఇసుకతో కప్పి మరల నీటిలోనికి పోవును. తిరిగి వచ్చి చూడదు. 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలికివచ్చును. పుట్టునవి ఆడవియా, మగవియా అనునది ఆ యిసుక వేడిమినిబట్టి యుండుట ఒక వింత. వేడి హెచ్చినచో ఆడపిల్లలు, తగ్గినచో మగపిల్లలు.

కుక్క ముక్కునకు మూరెడు ఇసుక అడ్డము కాదు. అది గొయ్యిని పసిగట్టి త్రవ్వెనా, నూరు గ్రుడ్లును క్షణములో పాడగును. అటవీశాఖవారును స్వచ్ఛందసేవకులును తీరముపొడవున రాత్రులు తిరిగి గ్రుడ్లను ఏరి, కంచెకట్టిన పొదుగుడు దొడ్లలో పూడ్చి, పిల్లలను సముద్రములో విడుచుచున్నారు. ఆ కంచెలు చాలవరకు కుక్కలకును నక్కలకును భయపడి కట్టినవే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ తాబేళ్లకు అత్యున్నతమైన రక్షణ నిచ్చినది. మన పెంపుడు కుక్క సాధువు కావచ్చును. ఇంటిలో పళ్లెము ముట్టదు, పిలిచిన వెంటనే వచ్చును. కాని గ్రుడ్ల వాసన తగిలినప్పుడు అది మన మాట వినునని ఎవరును పూచీపడజాలరు. కాబట్టి జనవరి మొదలు మే నెల ముగియువరకు కుక్కను ఈ తీరమునకు తీసికొనిపోరాదు. వేసవి సెలవులు సరిగా అప్పుడే వచ్చునే యని బాలురకు కష్టము తోచును. తోచినను తప్పదు.

మరి ఎప్పుడు పోవలెను? జూను మొదలు సెప్టెంబరు వరకు నైరుతి గాలులకు సముద్రము పొంగి యుండును. అక్టోబరులో తుపానుల భయము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును ఎట్లు పాడుచేసెనో పెద్దలు ఇంకను చెప్పుకొనుచుందురు. నవంబరు చివరి వారము మొదలు డిసెంబరు నడుమ వరకు, తుపాను హెచ్చరిక లేని దినమును చూచుకొనుట మేలు. అప్పుడు ఎండ తీవ్రముగా నుండదు. కుక్కకు మనవలె ఒడలంతయు చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే అది చల్లబడు మార్గము. మధ్యాహ్నపు ఇసుక దాని పాదములను కాల్చును. మన అరచేతి వెనుకభాగమును ఇసుకపై ఏడు క్షణములు ఉంచజాలనిచో దానిని ఆ యిసుకపై నడిపించుట క్రౌర్యము.

ప్రయాణ మెట్లు? కుక్కను రైలులో కూర్చుండు పెట్టెలోనికి రానీయరు. మొదటి తరగతిలో గది యంతయు మన పేరనే ఉన్నప్పుడు వెంట ఉంచుకొనవచ్చును. లేనిచో గార్డు పెట్టెలోని కుక్కల గూటిలో ఎక్కింపవలెను. అంత చిన్న ప్రయాణమునకు ఆ గూటిలో దానిని భయపెట్టుట దేనికి? నలుగురు కలిసి బండి మాట్లాడుకొనుట మంచిది. తెల్లవారుజామున నాలుగు గంటలకు సాలూరు విడిచినచో రామభద్రపురము, గజపతినగరము, విజయనగరము మీదుగా సూర్యోదయమునకు భీమునిపట్టణము చేరవచ్చును. లారీ వెనుక తొట్టిలో కుక్కను కట్టి తీసికొనిపోవుట మన యూర కొందరు చేయుదురు గాని అది తగదు. బండి కుదుపునకు మెడత్రాడే ఉరి కావచ్చును. బయలుదేరుటకు ముందు కడుపునిండ తిండి పెట్టరాదు. వెర్రికుక్క వ్యాధి రాకుండ వేయు టీకా ఆ సంవత్సరము వేయించితిమా యని పశువైద్యశాల చీటీని చూచుకొనవలెను. మూటలో నుండవలసినవి ఇవి: గట్టి పట్టెడ, పొడవైన త్రాడు, మంచినీరు, నీరు త్రాగు గిన్నె, మలము ఎత్తు సంచులు, తుడుచుటకు పాతగుడ్డ. మంచినీరు మరచిపోరాదు. దాహముచేత కుక్క ఉప్పునీరు త్రాగును. త్రాగినచో వాంతులు, విరేచనములు కలుగును.

భీమునిపట్టణమున గోస్తనీనది సముద్రమును చేరును. డచ్చివారి పాత సమాధులున్నవి. 1861లోనే పురపాలకసంఘము ఏర్పడిన ఊరిది. అక్కడ జనము స్నానములు చేయుచోట కుక్కను విప్పరాదు. దానికి నిమ్మళమైన తావు కావలెనన్న ఉత్తరముగా విజయనగరము జిల్లా తీరమువైపు మరికొంత దూరము పోవలెను. ముక్కాము, చింతపల్లి వంటి జాలరి పల్లెలు అటే యున్నవి. అచ్చటి యిసుక యాత్రికుల విహారభూమి కాదు, జాలరుల పనిచోటు. ఒకచోట తెప్పలు నిలిపియుండును, ఒకచోట వలలు ఆరవేసియుండును, వేరొకచోట చేపలు ఎండుచుండును. మన కుక్క ఆ యెండుచేపల వద్ద కాలెత్తినచో ఒక కుటుంబపు కష్టార్జితము చెడును. బండి దిగిన వెంటనే ఒడ్డున ఉన్న పెద్దవానిని సమీపించి, "బాబూ, మా కుక్కను ఎటువైపు త్రిప్పమందురు?" అని అడుగవలెను. తాబేళ్లు ఎచ్చట ఒడ్డెక్కునో, నీటి లాగు ఎచ్చట బలముగా నున్నదో, పల్లె కుక్కలు ఎంతవరకు తమదిగా భావించునో అతడు చెప్పగలడు. ఏ పుస్తకమును అంత చెప్పజాలదు.

నీటి లాగును గూర్చి మాత్రము ఇంకొక మాట. అలలు వరుసగా విరుగుచుండగా నడుమ ఒకచోట విరుగక నీరు నల్లగా, నెమ్మదిగా కనబడును. తెలియనివారు అది స్నానమునకు మంచిచోటని దిగుదురు. ఒడ్డెక్కిన నీరంతయు వెనుకకు పోవు దారి అదే. అందు చిక్కిన కుక్కను రక్షింపబోయి మనుష్యులు మునుగుదురు. చిక్కినచో ఒడ్డువైపు ఎదురీదరాదు. ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, లాగు తగ్గిన పిమ్మట అలలతో ఒడ్డు చేరవలెను. కుక్కను మోకాలిలోతు దాటనీయకుండుట అన్నిటికంటె సులభము. అమావాస్య, పూర్ణిమలకు పోటుపాట్లు హెచ్చుగా నుండును, అష్టమికి తక్కువ. ఒడ్డున చచ్చిపడిన జెల్లీచేపను గాని, గాలిబుడ్డవలె ఉబ్బిన చేపను గాని కుక్క నోట పట్టనీయరాదు. ఆ రెండవదానిలో ప్రాణము తీయు విషమున్నది.

ఎనిమిది గంటలకు ఎండ పదునెక్కును. అప్పటికి త్రాడు బిగించి, తెచ్చిన సంచులను లెక్కచూచుకొని బండి యెక్కవలెను. ఊరి బావివద్దనో, కుళాయివద్దనో అడిగి మంచినీటితో కుక్క ఒడలు కడిగి, వ్రేళ్లసందులలోని ఇసుక, చెవులలోని తడి తుడువవలెను. ఉప్పు ఆరినచో దురద పుట్టి రాత్రియంతయు గోకికొనును. గజపతినగరము దాటునప్పటికి అది చల్లని గాలికి మీ కాళ్లవద్ద ముడుచుకొని పడుకొని, నిద్రలోనే అలల వెంట పరుగెత్తుచున్నట్లు కాళ్లు కదలించుచుండును.