చదరంగంలో ఎత్తుగడకు ఉస్తాదు ఎవరు?

చదరంగంలో మొదటి పది పన్నెండు ఎత్తులను ఎత్తుగడ అంటాము. తెల్లపావులకు ఒకటి, నల్లపావులకు రెండు ఎత్తుగడలైనా సిద్ధం చేసుకోకుండా కళాశాలల పోటీకి పోయే విద్యార్థి, ఆట నడుమకు రాకముందే గడియారంలో సగం సమయం పోగొట్టుకుంటాడు. పుస్తకాలు కంఠస్థం చేద్దామంటే వాటికి అంతు లేదు. అందువల్ల ఒక ఆటగాణ్ణి ఉస్తాదుగా ఎంచుకొని, ఆయన ఆడే ఎత్తుగడలనే మనమూ అభ్యసించటం మేలు. ప్రపంచ క్రీడాకారుల ఆటలు నేడు సెల్‌ఫోనులోనే ఉచితంగా దొరుకుతున్నవి గనుక, కర్నూలులో ఉన్నా కడపలో ఉన్నా ఏకలవ్యునివలె నేర్చుకొనవచ్చును. చిక్కల్లా ఎవరి బొమ్మను ఎదుట పెట్టుకోవాలన్నదే.

ఎత్తుగడ తెలియకపోతే కలిగే నష్టమెంతో మీర్ సుల్తాన్ ఖాన్ చరిత్ర తెలుపుతుంది. పంజాబుకు చెందిన ఈయన బాల్యంలో నేర్చినది మన దేశవాళీ చదరంగం. అందులో బంటు మొదటి ఎత్తున కూడా ఒక్క గడే కదులుతుంది. ఐరోపావారి ఎత్తుగడలు ఆయనకు బొత్తిగా కొత్త. అయినా 1929లో లండన్ చేరి ఆ ఏడే బ్రిటిష్ చాంపియన్‌షిప్ గెలిచారు. 1932, 1933లలో మళ్లీ గెలిచారు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో కాపబ్లాంకా అంతటివానిని ఓడించారు. ఆట నడుమా చివరా ఇంతటి దిట్ట, ఎత్తుగడలో వచ్చిన నష్టాన్ని మాత్రం గంటల తరబడి శ్రమించి పూడ్చుకొనవలసి వచ్చేది. 2024లో ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. అంతటి ప్రతిభ లేని మనం ఆ నష్టాన్ని భరించలేము.

ఉస్తాదును కీర్తిని బట్టి ఎన్నుకోరాదు. నల్లరేగడిలో శనగ వేసే రైతు ఎర్రనేలలో వేరుశనగ వేస్తాడు. నేలను చూచి గదా విత్తనం! గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ 2001లోనే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. తెల్లపావులతో ఇ4, డి4 రెండూ ఆడుతారు. ఆయన అస్త్రాలన్నీ ఎత్తుకోబోతే విద్యార్థి మోయలేడు. కాని ఇ4కు జవాబుగా ఆయన ఆడే ఫ్రెంచి రక్షణ ఒక్కటి తీసుకొనవచ్చును. ఇందులో నల్లవారు ఇ6, డి5లలో బంట్లను నిలుపుతారు. తెల్లబంటు ఇ5కు వస్తే సి8లోని ఒంటె సొంత బంట్ల వెనుక చిక్కుకుంటుంది. అప్పుడు సి5కు బంటును తోసి తెల్లవారి కేంద్రాన్ని పునాదిలో దెబ్బతీయాలి. ఆ ఇరుకును ఓర్చుకొనగలవారికే ఈ రక్షణ. ఓర్పు లేనివారు హరికృష్ణగారిని ఎంత అభిమానించినా ఈ విషయంలో వేరొకరిని వెదుక్కోవాలి.

తెల్లపావులకు కోనేరు హంపి ఆటలు మంచి పాఠాలు. 2019లోనూ 2024లోనూ ప్రపంచ మహిళా రాపిడ్ చాంపియన్ అయిన ఈమె ఎక్కువగా మంత్రి ముందరి బంటును డి4కు తోసి ఆట ఆరంభిస్తారు. ఏళ్ల తరబడి ఒకే దారిని నమ్మినవారి ఆటలలో ఒకే రకపు స్థితులు పలుమార్లు వస్తాయి. చూచేవారికి అవే మనసున నిలుస్తాయి.

ప్రపంచ చాంపియన్‌షిప్ పోరాటాలను మాత్రం నమూనాగా పెట్టుకోరాదని మా అభిప్రాయం. 2024లో సింగపూరులో గుకేశ్‌పై మొదటి ఆటలోనే డింగ్ లిరెన్ ఫ్రెంచి రక్షణ ఆడి గెలిచారు. (ఆ రక్షణలో ఆరితేరిన హరికృష్ణ గుకేశ్ పక్షాన సహాయకులుగా ఉండటం ఒక విచిత్రం!) అటువంటివి ప్రత్యర్థిని తికమకపెట్టడానికి వేసే ఒకనాటి వ్యూహాలు. మనకు కావలసినది నిత్యం కాపురముండే ఇల్లు.

ఎన్నుకొన్న ఉస్తాదు ఆటలు 30 తీసుకొని, మొదట ఓడినవి చూడాలి. ఆ ఎత్తుగడ ఎక్కడ బలహీనమో గెలుపులకంటె అవే త్వరగా చెబుతాయి. పదిహేనవ ఎత్తు దగ్గర ఆగి, తరువాతి ఎత్తును కాగితంతో కప్పి, మనమైతే ఏమి ఆడుదుమో వ్రాసుకోవాలి. పది ఆటల తరువాత కూడా ఆయన పావులను అక్కడ ఎందుకు నిలిపారో బోధపడకపోతే ఉస్తాదును మార్చవలసిందే.

కమిటీవారు పఠనమందిరంలో ఒక చదరంగపు బల్లను, ఒక నోటుపుస్తకాన్ని ఉంచితే చాలును. ఉర్దూ విద్యార్థులు ఉర్దూలో, తెలుగు విద్యార్థులు తెలుగులో తమ ఆటలను అందులో వ్రాసుకోగలరు. ఎత్తుల అంకెలు ఇద్దరికీ ఒకటే.