సూర్యగ్రహణము - సంపూర్ణ గ్రాసకాలము

సూర్యగ్రహణము వచ్చుచున్నదనగానే భక్తులు నదీతీరములకును సాగరసంగమములకును స్నానార్థము తరలుట మన దేశమున తరతరముల ఆచారము. పాలకొల్లు ప్రాంతమువారికి నరసాపురమున వసిష్ఠ గోదావరియు, అంతర్వేదిలో సాగరసంగమమును సమీపముననే కలవు. పంచాంగమున చెప్పిన కాలములను చూచుకొని పట్టుస్నానము, విడుపుస్నానము చేసి, నడుమ జపదానములు ఆచరింతురు. అయినను "సంపూర్ణ సూర్యగ్రహణము" అని వినినపుడు సూర్యబింబము గంటలకొలది కనుమరుగైయుండునని పెక్కుమంది తలంతురు. గ్రహణమంతయు ఎంతసేపు, అందు బింబము పూర్తిగా మూతపడియుండునది ఎంతసేపు అను రెండు ప్రశ్నలను వేర్వేరుగా విచారింపవలెను.

ఈ భ్రాంతికి చంద్రగ్రహణమే కారణము కావచ్చును. 2018 జూలై 27 రాత్రి చంద్రుడు 103 నిమిషములు సంపూర్ణముగా గ్రస్తుడై యుండెను. అచట ఛాదకము భూమియొక్క విశాలమైన నీడ. సూర్యగ్రహణమున ఛాదకము చంద్రబింబము మాత్రమే. అది కంటికి సూర్యబింబముతో దాదాపు సమానముగా కనబడును గాని, మిక్కిలి పెద్దది కాదు.

ఐదు ఘట్టములు

చంద్రబింబము సూర్యబింబపు అంచును తాకుట స్పర్శ. సూర్యుని పూర్తిగా కప్పివేయుట నిమీలనము. నడిమి క్షణము మధ్యము. సూర్యుని అంచు తిరిగి వెలువడుట ఉన్మీలనము. పూర్తిగా విడిచిపోవుట మోక్షము. స్పర్శ మొదలు మోక్షము వఱకు స్థితికాలము, నిమీలనము మొదలు ఉన్మీలనము వఱకు విమర్దకాలము. మొదటిది రెండు గంటలు మొదలు మూడు గంటలకు పైగా ఉండవచ్చును. రెండవది కొన్ని నిమిషములు మాత్రమే.

ఇంత భేదమునకు కారణము సూర్యసిద్ధాంతపు గణితములోనే కలదు. స్థితికాలమునకు రెండు బింబముల వ్యాసార్ధముల మొత్తము ఆధారము. విమర్దకాలమునకు ఆ వ్యాసార్ధముల భేదము ఆధారము. చంద్రుడు భూమికి మిక్కిలి దగ్గరగా ఉన్నపుడు సయితము ఆ మొత్తము సుమారు 33 కలలు, భేదము ఒక కలకు కొంచెము ఎక్కువ. మొత్తము భేదమునకు ఇరువది రెట్లకు పైబడియుండగా, కాలములును అట్లే భేదించుట సహజము. చంద్రుడు దూరమున ఉన్నచో అతని బింబము సూర్యబింబముకంటె చిన్నదగును. అపుడు నిమీలనమే లేదు. అది కంకణ గ్రహణము.

గ్రాసకాలము పెరుగుట ఎట్లు?

ఇందుకు మూడు కారణములు కలసిరావలెను. చంద్రుడు భూమికి దగ్గరగా ఉండి పెద్దగా కనబడవలెను. సూర్యుడు దూరముగా ఉండి చిన్నగా కనబడవలెను; ఇది సూర్యుడు మిథునరాశిలో ఉండు జూలై మొదటి దినములలో జరుగును. చూచు ప్రదేశము భూమధ్యరేఖకు చేరువలో ఉండి, సూర్యుడు నడినెత్తిన ఉండవలెను. చంద్రుని నీడ పడమటినుండి తూర్పునకు గంటకు మూడు వేల కిలోమీటర్లకు మించిన వేగముతో పరుగెత్తును. భూమియు అదే దిక్కునకు తిరుగుచుండుటచే భూమధ్యరేఖవద్ద నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్లు నీడ వెంట సాగును. అందుచే నీడ అచట మరికొంతసేపు నిలిచినట్లగును. మన సిద్ధాంతములలో ఈ ఫలితము లంబనసంస్కారము ద్వారా గణింపబడును.

ఇవన్నియు కలసివచ్చినను గ్రాసకాలము 7 నిమిషముల 32 సెకనులకు మించదు. విఘడియ 24 సెకనులు గనుక ఇది 19 విఘడియలకు లోపు. ఒక ప్రాణము, అనగా ఆరోగ్యవంతుని ఒక శ్వాస, 4 సెకనులు. కావున దీర్ఘతమమైన సంపూర్ణ గ్రాసము 113 శ్వాసల కాలము. 1955 జూన్ 20న గ్రాసకాలము గరిష్ఠముగా 7 నిమిషముల 8 సెకనులు, 1973 జూన్ 30న 7 నిమిషముల 4 సెకనులు. మరల ఏడు నిమిషములన్నర సమీపమునకు వచ్చునది 2186 జూలై 16 నాటిది: 7 నిమిషముల 29 సెకనులు.

తెలుగునాట పడిన నీడ

1868 ఆగస్టు 18, విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారము ఉదయమున చంద్రుని నీడ గుంటూరు, మచిలీపట్నముల మీదుగా బంగాళాఖాతమున ప్రవేశించెను. పాలకొల్లును ఆ నీడ మార్గములోనిదే. గరిష్ఠ గ్రాసకాలము సయాం సింధుశాఖవద్ద 6 నిమిషముల 47 సెకనులు. గుంటూరులో అయిదు నిమిషములకు పైగా. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో, మద్రాసు నక్షత్రశాలాధికారి పోగ్సన్ మచిలీపట్నములో, ఆ నక్షత్రశాలలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తిలో వేధ చేసిరి. సూర్యుని అంచున ఎఱ్ఱగా కనబడు జ్వాలలు మండుచున్న వాయువులని ఆ కొద్ది నిమిషములలోనే తేలెను. ఆ గ్రహణవేళ వర్ణపటమున కనబడిన పసుపు రేఖయే తరువాత హీలియము అను మూలకపు జాడగా గుర్తింపబడెను.

1980 ఫిబ్రవరి 16న, సిద్ధార్థి నామ సంవత్సర మాఘ బహుళ అమావాస్యనాడు, నీడ ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల-రంగాపురము నక్షత్రశాల మీదుగా సాగెను. మన దేశమున గ్రాసకాలము మూడు నిమిషములకు లోపే. పాలకొల్లువారికి అది పాక్షిక గ్రహణము మాత్రమే. ఇట్లు ఒకే గ్రహణము ఒక ఊరికి సంపూర్ణమును, మరియొక ఊరికి పాక్షికమును అగును. 2027 ఆగస్టు 2 నాటి గ్రహణము ఈజిప్టున ఆరు నిమిషములకు మించి సంపూర్ణముగా ఉండును గాని తెలుగునాట ఎచటను సంపూర్ణము కాదు.

నేత్రరక్షణ

ఈ భేదమును గృహస్థులు గుర్తెఱుగుట అత్యావశ్యకము. బింబము పూర్తిగా మూతపడిన ఆ కొద్ది నిమిషములు తప్ప మిగిలిన గ్రహణకాలమంతయు సూర్యుని కంటితో చూచుట ప్రమాదము. మిగిలిన సన్నని కళ సయితము కంటిలోని పొరను కాల్చును. నొప్పి తెలియదు గనుక పిల్లలు ఆగరు. పాక్షిక గ్రహణము కలిగిన ఊరిలో సురక్షితమైన క్షణమొక్కటియు లేదు. పళ్లెములో పసుపునీరు పోసి అందు ప్రతిబింబమును చూచుట కొన్ని ఇండ్లలో వాడుక. అదియు క్షేమకరము కాదు. గ్రస్తుడైన సూర్యుని, నీటిలో ప్రతిబింబించిన సూర్యుని చూడరాదని మనుస్మృతి ఏనాడో నిషేధించినది. గ్రహణము కనబడు ఊరిలోనే ఆచరణము అను ధర్మశాస్త్ర నియమము ఎవరినీ సూర్యుని రెప్పవేయక చూడుమని చెప్పుట కాదు. సూర్యుని వైపు వీపు త్రిప్పి, చెట్ల ఆకుల సందులనుండి నేలపై పడు వెలుగు చుక్కలను చూచిన చాలును. అవి నెలవంకల ఆకారము దాల్చి గ్రహణమును తెలుపును.

శ్రీమద్భాగవతము పంచమస్కంధమున ఈ విషయము భక్తిపరముగా చెప్పబడినది. రాహువు సూర్యచంద్రులపైకి వచ్చును; భగవంతుడు వారి రక్షణకు నియమించిన సుదర్శనచక్రపు తేజస్సును తాళలేక ముహూర్తమాత్రము నిలిచి తొలగిపోవును. జ్యోతిషము దానిని విఘడియలలో లెక్కించినది, పురాణము దాని వెనుకనున్న రక్షకుని చూపినది. చీకటికి గడువు కలదని రెండును బోధించుచున్నవి. గ్రహణవేళ భయమును విడిచి, కన్నులను కాపాడుకొని, ఆ 113 శ్వాసలనైనను భగవన్నామమునకు వినియోగించుట శ్రేయస్కరము.