కాల్చిన దుంప: తీపి, కారం ఒకే పళ్లెంలో



పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. తత్త్వశాస్త్రం నేర్పే ఈ జాగ్రత్త వంటింట్లోనూ పనికివస్తుంది. కంద, పెండలం, చిలగడదుంప – మూడింటినీ ‘దుంప’ అనే అంటాం. కాని ఇవి మూడు వేర్వేరు కుటుంబాలవి. కంద చేమకు చుట్టం. అసలైన ‘యామ్’ పెండలం. చిలగడదుంప తూటికూరకు చుట్టం. అది అమెరికా ఖండంలో పుట్టి మన దేశానికి వచ్చింది.

అమెరికాలో చాలామంది చిలగడదుంపనే ‘యామ్’ అంటారు. అక్కడ ఉన్న పిల్లలు ఫోనులో చెప్పిన వంటలో ఆ మాట విని, మన గృహిణి పూర్ణా మార్కెట్‌లోనో రైతుబజారులోనో కంద కొని, పచ్చిదాన్నే కాల్చిందనుకోండి. తిన్నవారికి నాలుక, గొంతు దురద తప్పదు. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. పొడి సెగకు అవి పోవు. అందుకే మన పెద్దలు కందను చింతపండుతో వండారు. గజేంద్ర రకానికి దురద తక్కువే అయినా, ఉప్పు, పసుపు, చింతపండు వేసిన నీళ్లలో ముందు ఉడికించి, ఆ నీళ్లు పారబోసిన తరువాతే కాల్చండి. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు కంద విషయంలో వైద్యుని సలహా అడగాలి.

ఇక మన వంటకు చిలగడదుంపే తగినది. నలుగురికి అరకిలో చాలు.

మొదట దుంపలను కడిగి, తుడిచి, తొక్కతోనే ఉంచండి. ఓవెన్ ఉంటే 200 డిగ్రీల సెల్సియస్ వద్ద ముప్పావు గంట నుంచి గంట. లేకపోతే అడుగు మందంగా ఉన్న మూకుడులో మూతపెట్టి, సన్నని సెగ మీద తిప్పుతూ మెత్తబడే వరకు కాల్చండి. తొందరపడి మంట పెంచకండి. దుంప లోపలి వేడి సుమారు 60, 75 డిగ్రీల మధ్య నిదానంగా సాగితే, దానిలోనే ఉన్న ఎంజైమ్ పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. తీపి బయటినుంచి వేసింది కాదు, లోపలినుంచి వచ్చింది.

తరువాత తొక్క తీసి, అంగుళం ముక్కలు కోయండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు వేగనిచ్చి, తగినంత ఉప్పు, చెంచాడు చిక్కని చింతపండు గుజ్జు, చిటికెడు బెల్లం కలపండి. ముక్కలకు ఇది పట్టించి, అంచులు ఎర్రబడేవరకు మరో పది నిమిషాలు సెగ తగలనివ్వండి. పులుపు చివరనే ఎందుకు? ముందే వేస్తే దుంప త్వరగా మెత్తబడదు.

పప్పన్నంలోకి, చారన్నంలోకి ఇది చక్కగా నప్పుతుంది. మాంసం మానే శుక్రవారం ఇంట్లో వెలితి కనిపించదు. ఉక్కు కర్మాగారంలో రెండో షిఫ్టు ముగించి రాత్రి ఆలస్యంగా వచ్చేవారికి చల్లారినా రుచి తగ్గదు.

ఒక్క హెచ్చరిక. ‘పంచదార వేయలేదు కదా’ అని మధుమేహం ఉన్నవారు రెండోసారి వడ్డించుకోరాదు. ఉడికించిన దుంపకంటె కాల్చిన దుంప రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. వారికి నాలుగైదు ముక్కలు, అవీ పప్పుతో, కూరతో కలిపి పెట్టండి. ఇంట్లో అలాంటివారు ఉంటే బెల్లం మానివేయండి. దుంప తన తీపి తానే తెచ్చుకుంటుంది.

ఈ వారం బజారుకు వెళ్లినప్పుడు మూడు దుంపలనూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి. పేరు అడగండి, తేడా చెప్పించండి. ఆ తరువాతే పొయ్యి వెలిగించండి.